శాంపిల్ వెళ్లాలా, విద్యార్థి వెళ్లాలా?

విశ్వవిద్యాలయ కేంద్రాల్లో పదార్థ విజ్ఞాన పరిశోధన, శిక్షణ: ఒక సమీక్ష

విశ్వవిద్యాలయానికి పదార్థ విజ్ఞాన కేంద్రం ఎందుకు అని అడిగితే అరవై ఏళ్లుగా రెండు జవాబులు వినిపిస్తున్నాయి. కొత్త లోహాలు, సిరామిక్స్, పాలిమర్లు, సెమీకండక్టర్లు కనిపెట్టడానికి అన్నది ఒకటి. వాటిని కనిపెట్టగల మనుషులను తయారు చేయడానికి అన్నది రెండోది. ప్రతి కేంద్రమూ తన లక్ష్యాల్లో రెండింటినీ పక్కపక్కనే రాసుకుంటుంది. నిధులు పంచేటప్పుడు, మైక్రోస్కోపు ముందు కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చేటప్పుడు, పనితీరు లెక్క కట్టేటప్పుడు మాత్రం రెండూ విడిపోతాయి.

మన దేశంలో ఈ చర్చ ఇప్పుడు బాగా చిక్కుపడింది. పాతికేళ్లుగా విశ్వవిద్యాలయాలకు ఖరీదైన పరికరాలు వచ్చాయి. పీహెచ్‌డీ నిబంధనలు మారాయి. కంప్యూటరే కొత్త స్ఫటికాలను ఊహించి చెబుతోంది. ఒక్కొక్కరు ఒక్కో కొస పట్టుకుని లాగుతున్నందువల్ల ముడి ఇంకా బిగుస్తోంది. అందుకే చరిత్రను, వాదాలను, తేలని సంగతులను వరుసగా పరచి చూడటం అవసరం.

స్పుత్నిక్ తర్వాత

1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. రాకెట్లకు, రియాక్టర్లకు, ఎలక్ట్రానిక్స్‌కు కావలసిన పదార్థాల కొరత అమెరికాకు అప్పటికే తెలుసు. వాటి మీద పనిచేసే పరిశోధకుల కొరత అంతకంటే పెద్దదని అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది. లోహాలు మెటలర్జీ విభాగానివి, స్ఫటికాలు ఫిజిక్స్‌వి, పాలిమర్లు కెమిస్ట్రీవి. ఎవరి గది వారిది, ఎవరి పరికరం వారిది.

రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఆర్పా 1960లో కార్నెల్, పెన్సిల్వేనియా, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాలతో తొలి ఒప్పందాలు చేసుకుంది. ఇంటర్‌డిసిప్లినరీ లేబొరేటరీలు అని పేరు పెట్టిన ఆ కేంద్రాలు తర్వాత 12 అయ్యాయి. వాటికి డబ్బు ప్రాజెక్టుల వారీగా కాక, కేంద్రం మొత్తానికి కలిపి వచ్చేది. దాన్ని ఎలా వాడాలో అక్కడి డైరెక్టర్ నిర్ణయించేవారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, స్ఫటికాలు పెంచే కొలిములు అందరికీ ఉమ్మడి. ఎక్కువ మంది పీహెచ్‌డీ విద్యార్థులకు శిక్షణ ఇవ్వాలన్నది ఆ పథకం మొదటి రోజు నుంచీ పెట్టుకున్న లక్ష్యం. ఈ సంగతిని తర్వాతి చర్చలు తరచుగా మరచిపోయాయి.

1972లో ఈ కేంద్రాలు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ చేతికి వచ్చి మెటీరియల్స్ రీసెర్చ్ లేబొరేటరీలు అయ్యాయి. 1994లో వాటి స్థానంలో మెటీరియల్స్ రీసెర్చ్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ సెంటర్లు వచ్చాయి. మారిన ప్రతిసారీ పోటీ పెరిగింది. కేంద్రం మొత్తానికి ఇచ్చే నిధికి ప్రాధాన్యం తగ్గి, ఫలానా ప్రశ్న మీద పనిచేసే పరిశోధక బృందాల పథకాలకు పెద్దపీట వేశారు. శిక్షణకు అర్థం కూడా విస్తరించింది. పీహెచ్‌డీ విద్యార్థులతో పాటు వేసవిలో వచ్చే డిగ్రీ విద్యార్థులు, బడి పిల్లలు, ఉపాధ్యాయులు కూడా కేంద్రం బాధ్యతలో భాగమయ్యారు.

కేంద్రం ఎందుకు అని అడిగేవారికి సాధారణంగా చూపించే ఉదాహరణ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానిది. భౌతిక శాస్త్రవేత్త అలాన్ హీగర్, రసాయన శాస్త్రవేత్త అలాన్ మెక్‌డైర్మిడ్ అక్కడ కలిసి పనిచేశారు. అక్కడి పదార్థ పరిశోధన కేంద్రానికి హీగర్ డైరెక్టర్‌గా కూడా ఉన్నారు. జపాన్ నుంచి వచ్చిన హిదెకి షిరకావాతో కలిసి, ప్లాస్టిక్ కూడా విద్యుత్తును లోహంలా మోయగలదని 1977లో చూపించారు. ముగ్గురికీ 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. పదార్థాన్ని తయారు చేసినవారూ, దాన్ని కొలిచినవారూ వేర్వేరు శాస్త్రాలవారు. వారిని ఒకచోట కలిపే ఏర్పాటు ఉండటం వల్ల ఆ పని సాగింది.

మన దేశంలో: చదువు ముందు, ప్రయోగశాల పక్కన

భారతదేశంలో దారి వేరు. 1923లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మెటలర్జీ చదువు మొదలైంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మెటలర్జీ విభాగం 1945లో వచ్చింది. 1951లో ఆ విభాగానికి తొలి భారతీయ అధిపతి అయిన బ్రహ్మప్రకాశ్, తర్వాత హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నిర్మాణానికి ముందు నిలిచారు. పాఠం చెప్పిన మనిషే కర్మాగారం కట్టడం ఆ తరంలో వింత కాదు.

స్వాతంత్ర్యం తర్వాత పెద్ద పరిశోధన ఎక్కువగా విశ్వవిద్యాలయాల బయట పెరిగింది. 1950లో జంషెడ్‌పూర్‌లో నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ ప్రారంభమైంది. 1963లో రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ హైదరాబాద్‌కు వచ్చింది. అదే నగరంలోని కంచన్‌బాగ్‌లో 1973లో మిశ్రలోహాల కర్మాగారం మిధాని ఏర్పడింది. 1997లో బాలాపూర్‌లో పదార్థ పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ వచ్చింది. 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ కూడా ఇదే నగరంలో, దాని పరిసరాల్లో ఉన్నాయి. బనారస్‌లో పాఠం చెప్పి, డీఎంఆర్‌ఎల్‌కు డైరెక్టరై, ఆ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా వచ్చిన పి. రామారావు జీవితమే తరగతి గదికీ ప్రయోగశాలకూ మధ్య ఉన్న బాట.

కానీ వ్యక్తులు నడిచిన బాట వ్యవస్థకు రోడ్డు కాలేదు. విశ్వవిద్యాలయాల్లో పరికరాల కరువు తీర్చడానికి కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ 1970ల్లో ప్రాంతీయ పరికర కేంద్రాలు పెట్టింది. ఇప్పుడు వాటిని సైఫ్ అంటున్నాం. వాటి పద్ధతి సులువైనది: ఏ కాలేజీ నుంచైనా శాంపిల్ పంపండి, రుసుము కట్టండి, ఫలితం పంపుతాం. 2000లో ఫిస్ట్ పథకం విభాగాలకు నేరుగా పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2007లో నానో మిషన్ వచ్చింది. 2008లో బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ బొంబాయిల్లో ఐఎన్‌యూపీ అనే పథకం భిన్నమైన పద్ధతి పెట్టింది: శాంపిల్ కాదు, మనిషి రావాలి. బయటి కాలేజీ విద్యార్థి క్లీన్‌రూమ్‌కు వచ్చి శిక్షణ పొంది తనకు కావలసిన డివైస్‌ను తానే తయారు చేసుకోవాలి.

దేశంలోని చర్చ అంతా ఒక్క మాటలో చెప్పాలంటే ఈ రెండు పద్ధతుల మధ్య చర్చే. శాంపిల్ ప్రయాణం చేయాలా, విద్యార్థి ప్రయాణం చేయాలా?

ఒక ఉక్కు ముక్క, ఒక స్లిప్పు

తేడా ఎక్కడుందో అర్థం కావాలంటే బల్ల దగ్గరకు వెళ్లి చూడాలి. విద్యార్థి చేతిలో వేలి కొనంత ఉక్కు ముక్క ఉంది. దాన్ని కట్టర్ మీద నీళ్లు పోస్తూ కోయాలి. వేడెక్కితే లోపలి నిర్మాణం మారిపోతుంది. బేకలైట్‌లో మౌంట్ చేసి ఎమరీ కాగితం మీద రుద్దాలి. 220 నంబరు, తర్వాత 400, 600, 800, 1000. కాగితం మారినప్పుడల్లా ముక్కను 90 డిగ్రీలు తిప్పాలి. వెనకటి కాగితం పెట్టిన గీతలు పూర్తిగా పోయాయో లేదో అలా తిప్పితేనే తెలుస్తుంది. ఆ తర్వాత తిరిగే గుడ్డ మీద అల్యూమినాతో మెరుగు పెట్టాలి. ముక్క అద్దంలా మెరుస్తుంది, కానీ మైక్రోస్కోపులో ఏమీ కనిపించదు. అప్పుడు ఆల్కహాల్‌లో 2 శాతం నైట్రిక్ ఆమ్లం కలిపిన నైటల్‌లో కొన్ని సెకన్లు ముంచాలి. తక్కువైతే గింజల అంచులు తేలవు, ఎక్కువైతే ముక్క మాడినట్టు నల్లబడుతుంది. కడిగి, ఆరబెట్టి చూస్తే తెల్లటి ఫెర్రైట్ గింజలు, వాటి మధ్య నల్లటి పెర్లైట్ మడులు కనిపిస్తాయి.

మైక్రోస్కోపులో తీసిన ఫోటోలో ఒక సన్నటి గీత ఉంది. అది లోహంలో పగులా, ఎమరీ వదిలిన గీతా? ఒక మచ్చకు తోకలాంటిది ఉంది. అది లోహం గుణమా, ఒకే దిక్కున మెరుగు పెట్టడం వల్ల వచ్చిందా? ఆ ముక్కను తన చేత్తో రుద్దినవారికి జవాబు వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు స్లిప్పు సంగతి. విద్యార్థి చిన్న సంచిలో పొడి వేసి, స్లిప్పు నింపి, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కు పంపుతాడు. కొన్నాళ్లకు మెయిల్‌లో ఫైలు వస్తుంది. శిఖరాలన్నీ కాస్త పక్కకు జరిగి ఉన్నాయి. స్ఫటిక కొలతలు మారాయని వ్యాసంలో రాసేయవచ్చు. కానీ హోల్డర్‌లో పొడి కాస్త ఎత్తుగానో పల్లంగానో నిండినా శిఖరాలు అలాగే జరుగుతాయి. ఎక్కడో ఒక శిఖరం అదనంగా ఉంది. అది కొత్త దశ కావచ్చు, కింద ఉన్న అల్యూమినియం హోల్డర్‌దీ కావచ్చు. పొడి నింపడం చూడనివారికి ఈ అనుమానం రాదు. శిక్షణ అంటే ఈ అనుమానం కలగడమే.

నాలుగు వాదాలు

మొదటిది కేంద్రవాదం. ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ధర కోట్లలో ఉంటుంది. దాన్ని పెట్టే గది, కంపనం లేని నేల, ఆగని కరెంటు, ఏటా కట్టే నిర్వహణ ఒప్పందం, అన్నీ ఖర్చే. ప్రతి విభాగమూ ఇంత భరించలేదు కాబట్టి పరికరాలు, నిపుణులు ఒకచోట ఉండాలి, మిగతావారు అక్కడికి రావాలి అంటారు వీరు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెటలర్జీ విద్యార్థులు ఒకే కారిడార్‌లో తిరగడం కూడా శిక్షణే అన్నది వీరి రెండో మాట. విమర్శ ఏమిటంటే, స్లాట్ల కోసం వరుస పెరిగే కొద్దీ కేంద్రం పరీక్షల దుకాణంగా మారుతుంది, నగరానికి దూరంగా ఉన్న విశ్వవిద్యాలయం ఎప్పటికీ ఖాతాదారుగానే మిగులుతుంది.

రెండోది చేతిపని వాదం. యంత్రం ముందు విద్యార్థే కూర్చోవాలి. వీరు డాన్ షెక్ట్‌మన్‌ను తలుచుకుంటారు. 1982 ఏప్రిల్ 8న అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో, వేగంగా చల్లార్చిన అల్యూమినియం, మాంగనీస్ మిశ్రలోహాన్ని ఆయన స్వయంగా మైక్రోస్కోపులో చూస్తున్నారు. స్ఫటికాలకు అసాధ్యమని అప్పటి పుస్తకాలు చెప్పిన పదింతల సౌష్ఠవం కనిపించింది. నోటుపుస్తకంలో మూడు ప్రశ్నార్థకాలు పెట్టుకున్నారు. ఎన్నో ఎదురుదెబ్బల తర్వాత 1984లో వ్యాసం వచ్చింది, 2011లో నోబెల్ వచ్చింది. చిత్రం తీసింది స్లాటు ముగించుకోవాలన్న తొందరలో ఉన్న ఆపరేటర్ అయితే, అది చెడిపోయిన శాంపిల్ కింద పక్కకు వెళ్లిపోయేది అంటారు ఈ పక్షం వారు. మైక్రోస్కోపీలో చేయి తిరిగిన బెంగళూరు ఐఐఎస్సీ బృందం 1985లోనే, క్వాసీక్రిస్టల్ అని పేరు పడిన ఈ కుటుంబానికి చెందిన డెకగనల్ దశను గుర్తించగలిగింది. విమర్శ కూడా బలమైనదే. చేయి తిరగని విద్యార్థి వల్ల పరికరం పాడైతే నెలల తరబడి ఎవరికీ పని జరగదు. ఒక్కరికి శిక్షణ ఇచ్చే సమయంలో ఆపరేటర్ ఎన్నో శాంపిల్స్ చూసి ఇవ్వగలరు.

మూడోది విభాగవాదం. అన్నిటినీ తాకినవారికి ఏదీ లోతుగా రాదన్నది వీరి భయం. థర్మోడైనమిక్స్, ఫేజ్ డయాగ్రమ్‌లు, డిఫ్యూజన్, డిస్‌లొకేషన్లు గట్టిగా చదివాకే కలయిక అని వీరంటారు. పెద్ద కేంద్రం లేకుండానే పెద్ద పని జరుగుతుందనడానికి 2004 నాటి గ్రాఫీన్‌ను చూపిస్తారు. మాంచెస్టర్‌లో ఆంద్రె గైమ్, కాన్‌స్టాంటిన్ నొవసెలోవ్ గ్రాఫైట్ మీద అంటించే టేపు వేసి పొరలు ఒలిచారు. అయితే టేపుతో ఒలిచిన పొరకు విద్యుత్ తీగలు కలిపి కొలవడానికి మంచి ప్రయోగశాల కావలసే వచ్చింది. కథలో టేపు మిగిలింది, ప్రయోగశాల మరుగున పడింది.

నాలుగోది పరిశ్రమ వాదం. విశ్వవిద్యాలయంలో విద్యార్థి ఆర్క్ కొలిమిలో కరిగించేది కొన్ని గ్రాముల గుండీ. మిధాని లాంటి చోట టన్నుల దిమ్మె. దిమ్మె నడిమి భాగం నెమ్మదిగా చల్లారి మూలకాలు ఒకచోట పోగుపడటం గుండీలో ఎప్పటికీ కనిపించదు. అందుకే పీహెచ్‌డీలో కొంత కాలం ప్రయోగశాలలో, కర్మాగారంలో గడవాలంటారు. హైదరాబాద్‌లో ఉన్నంత అవకాశం ఇందుకు దేశంలో కొద్ది చోట్లే ఉంది. రక్షణ సంబంధమైన పనిలో గోప్యత వల్ల థీసిస్‌కు అడ్డంకులు రావచ్చు, ఇవాళ్టి అవసరమే ప్రశ్నను నిర్ణయిస్తే రేపటి ప్రశ్న అడిగేవారు ఉండరు అన్నవి విమర్శలు.

పక్కపక్కన పెట్టి చూస్తే

- కేంద్రవాదం: శిక్షణ అంటే వేర్వేరు శాస్త్రాల సహవాసం, మంచి పరికరాల అందుబాటు. బలం ఖర్చు కలిసిరావడం. లోటు దూరం, వరుస.
- చేతిపని వాదం: శిక్షణ అంటే సొంత డేటాను సొంతంగా అనుమానించగలగడం. బలం నమ్మదగిన ఫలితం. లోటు కాలం, పరికరాలకు ముప్పు.
- విభాగవాదం: శిక్షణ అంటే మూలసూత్రాల లోతు. బలం ఏ పదార్థానికైనా పనికొచ్చే పునాది. లోటు గోడల మధ్య ఒంటరితనం.
- పరిశ్రమ వాదం: శిక్షణ అంటే గ్రాము నుంచి టన్నుకు నడిచే దారి తెలియడం. బలం ఉపయోగం, ఉద్యోగం. లోటు గోప్యత, దగ్గరి చూపు.

ఇలా పరిచాక ఒక సంగతి తేటపడుతుంది. పరిశోధన గొప్పదా, శిక్షణ గొప్పదా అన్నది వీరి గొడవ కాదు. శిక్షణ అనే మాటకు నలుగురూ నాలుగు అర్థాలు చెప్పుకుంటున్నారు. చర్చ చిక్కుపడింది అక్కడే.

కొత్త చిక్కు: యంత్రమే పరిశోధకుడైతే

2023 నవంబరులో రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. గూగుల్ డీప్‌మైండ్ 22 లక్షల కొత్త స్ఫటిక నిర్మాణాలను కంప్యూటర్‌లో ఊహించి, అందులో సుమారు 3,80,000 స్థిరంగా ఉండవచ్చని చెప్పింది. బర్కిలీలో రోబోలు నడిపే ప్రయోగశాల ఏ-ల్యాబ్, 17 రోజుల్లో 58 లక్ష్యాలకు గాను 41 పదార్థాలు తయారయ్యాయని ప్రకటించింది. కొద్ది వారాల్లోనే లండన్, ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఏ-ల్యాబ్ ఎక్స్‌రే విశ్లేషణను తప్పుబట్టారు. చాలా చోట్ల దొరికినవి కొత్త పదార్థాలు కావని, మూలకాలు క్రమం లేకుండా కలిసిన పాత పదార్థాలేనని వారి వాదన.

దీన్ని రెండు వైపుల నుంచీ చదువుతున్నారు. ఇక ఎమరీ కాగితం కాదు, ప్రోగ్రామింగ్ నేర్పండి అని ఒకరు. యంత్రం ఎన్ని వేల నమూనాలు చేసినా డిఫ్రాక్షన్ చిత్రాన్ని చదవగల మనిషి లేకపోతే తప్పు ఎవరు పట్టుకుంటారు అని మరొకరు. రెండో మాటకే సాక్ష్యం బలంగా ఉంది. ఏ-ల్యాబ్‌ను ప్రశ్నించగలిగింది శిఖరాలు చదవడంలో ఏళ్ల తరబడి తర్ఫీదు పొందినవారే. అలాగని మొదటి మాటను తోసిపుచ్చలేం. రేపటి విద్యార్థికి రెండూ రావాలి. పీహెచ్‌డీ కాలం మాత్రం అంతే ఉంది.

ఇంకా తేలనివి

మొదటి ప్రశ్న కొలబద్దది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కేంద్రాల పథకాన్ని 2007లో సమీక్షించింది. అక్కడి పరిశోధన నాణ్యత మిగతా పద్ధతుల్లో నిధులు పొందిన పనితో సమానంగా ఉందని, కేంద్రం వల్ల వచ్చిన ప్రత్యేక తేడాను అంకెల్లో విడదీసి చూపడం కష్టమని చెప్పింది. వ్యాసాలు లెక్కపెడితే కేంద్రం విలువ కనిపించదన్నమాట. మన దగ్గర యూజీసీ 2022లో థీసిస్‌కు ముందు వ్యాసం తప్పనిసరిగా అచ్చు కావాలన్న నిబంధన తీసేసింది. హడావుడి వ్యాసాలు తగ్గుతాయని కొందరు, ఉన్న ఒక్క గీటురాయీ పోయిందని కొందరు. దాని స్థానంలో ఏం కొలవాలో ఎవరూ తేల్చలేదు.

రెండోది సాంకేతిక సిబ్బంది ప్రశ్న. మైక్రోస్కోపుకు నిధి దొరికినంత సులువుగా దాన్ని ఏళ్ల తరబడి నడిపే మనిషికి ఉద్యోగం దొరకదు. విద్యార్థికి అసలు గురువు చాలాసార్లు ఆ టెక్నికల్ ఆఫీసరే. ఆయనకు బోధకుడి గుర్తింపు ఉండాలా అన్నది ఏ పథకమూ సూటిగా తీసుకోని ప్రశ్న.

మూడోది రాష్ట్ర విశ్వవిద్యాలయాలది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్కువ మంది విద్యార్థులు ఉండేది అక్కడే. కేంద్ర సంస్థల పరికరాలు వారికి అందుబాటులో ఉన్నాయని కాగితం చెబుతుంది. 2020లో వచ్చిన ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఎక్కడ ఏ పరికరం ఉందో వెతకవచ్చు, స్లాట్ అడగవచ్చు. కానీ విద్యార్థికి రైలు ఛార్జీ, వారం రోజుల వసతి ఎవరిస్తారు? 2023లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు అయింది. ఆ ఫెలోషిప్ లేని స్కాలర్‌కు శాంపిల్ పోస్టు చేయడమే చౌక.

తీర్పు

నాలుగు వాదాల్లో ఏ ఒక్కటీ పూర్తిగా గెలవదు. పరికరాలు ఒకచోట ఉండక తప్పదు, పునాది విభాగంలోనే పడాలి, కర్మాగారం చూడకుండా లోహం తెలియదు. అయినా ఈ మూడింటికీ ప్రాణం పోసేది చేతిపని వాదం చెప్పే ఆ ఒక్క గుణం: తన డేటాను తానే అనుమానించగలగడం. అది లేని కేంద్రంలో శిక్షణతో పాటు పరిశోధన కూడా చెడుతుంది. కొత్త దశ అని అచ్చయిన వ్యాసం హోల్డర్ శిఖరం మీద నిలబడి ఉంటే ఆ కేంద్రం రెండు పనుల్లోనూ ఓడినట్టే.

కాబట్టి మన కేంద్రాలను నడిపేవారికి, నిధులు ఇచ్చేవారికి ఒక విన్నపం. ఏడాది చివర లెక్క చెప్పేటప్పుడు ఎన్ని శాంపిల్స్ చూశామన్న అంకె పక్కన ఇంకొక అంకె కూడా రాయండి: బయటి కాలేజీల నుంచి వచ్చిన ఎంతమంది విద్యార్థులు మా యంత్రం మీద సొంతంగా పనిచేసే స్థాయికి వచ్చారు? శాంపిల్‌తో పాటు విద్యార్థికి కూడా ప్రయాణ ఖర్చు ఇవ్వండి. పొడి నింపేటప్పుడు పక్కన నిలబడనివ్వండి. మైక్రోస్కోపు పదిహేనేళ్లకు పాతబడుతుంది. దాని ముందు కూర్చుని చూడటం నేర్చుకున్న విద్యార్థి నలభై ఏళ్లు పనిచేస్తారు.